ఐసు చేపల గుంట

మా ఊరి వైపు మంచు అంటే తెల్లవారుజామున గడ్డి మీద పడేది. తలకి తువ్వాలు చుట్టుకోకపోతే జలుబు చేస్తుందని ఇంట్లో కేకలేసేది ఆ మంచు గురించే. హిమాలయాల మీద కురిసే తెల్లటిదాన్ని కూడా పుస్తకాల్లో మంచే అంటారు గానీ, కొల్లేటి చుట్టుపక్కల దాన్ని చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఈ ఒక్క మాట కుదరక, సింగపూర్‌లో దాదాపు ఏడాదిపాటు నన్ను ఒక గుడికి వచ్చే తెలుగు ఆడవాళ్ళందరూ నిలవ చేపలు అమ్ముకునే పిల్ల కింద లెక్కగట్టారు. నేను పరిశోధన చేస్తున్నానని చెప్పుకుంటుంటే, పాపం పరువు కోసం అలా చెబుతోందనుకున్నారు.

అప్పట్లో నేను క్లెమెంటీలో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకుని ఉండేదాన్ని. రెండు బస్సు స్టాపుల అవతల మా ల్యాబు. అక్కడ నా పని చేపలతో. ఎత్తయిన కొండల్లో, మంచు కరిగి పారే ఏళ్ళలో బతికే చేపలు. ఇంగ్లీషులో వాటిని స్నో ట్రౌట్ అంటారు. నిజానికి ట్రౌట్ జాతికీ వీటికీ ఏ చుట్టరికమూ లేదు. మన బొచ్చె, శీలావతి ఉన్నాయే, వాటికి దాయాదులు. ఎవరో దొర కొండల మీదికి గాలం పట్టుకుని వెళ్ళి, తన ఊరి చేప గుర్తొచ్చి ఆ పేరు తగిలించి ఉంటాడు. పేరు విషయంలో వీటికి అన్యాయం జరగడం నాతో మొదలవలేదని చెప్పడానికే ఇదంతా.

జానెడు పొడవు. వెండికీ బూడిదకీ మధ్య ఒక రంగు. చేత్తో తడిమితే ఉన్నాయో లేవో తెలియనంత చిన్న పొలుసులు. నోరు ముందుకి కాకుండా గడ్డం కింద ఉంటుంది. ఆ కింది పెదవి గట్టి అంచుతో రాళ్ళ మీది పాచిని గోకి తింటాయి. ఎంత ఉరవడిలోనైనా రాతిని కరుచుకుని ఉండిపోతాయి. అవి తిన్న రాయి మీద, పెనం అడుగున మాడు గీకినట్టు సన్నటి గీతలు మిగులుతాయి. పక్క తొట్టిలో ఇంకో రకం ఉండేవి, చిటికెన వేలంత చేపలు, మూతి చుట్టూ మీసాలు. ఇవి చెట్టూ చేమా మొలవని ఇంకా ఎత్తయిన చోట, టిబెట్ వైపు వాగుల్లో రాళ్ళ కింద దూరి బతికే జాతి. కొండల్లోని ఒక చేపపిల్లల కేంద్రం నుంచి ఆక్సిజను నింపిన సంచుల్లో విమానమెక్కి వచ్చాయి ఇవన్నీ. అవి పుట్టిన ఏటి మీద ఏదో కట్టడం మొదలైందని, ఇంకోసారి దొరకవని మా ప్రొఫెసరు మొదట్లోనే చెప్పేశాడు.

నీళ్ళు కొద్దికొద్దిగా వేడెక్కితే ఈ చేపల ఊపిరి ఎలా మారుతుందో చూడటం నా చదువు. సింగపూర్ కుళాయిలో వచ్చే నీళ్ళు వాటికి కాగే నీళ్ళతో సమానం. అందుకని కిటికీ లేని ఒక గదిని చలిగదిగా చేసి, నీళ్ళని చల్లబరిచే మెషీను ఒకటి పెట్టారు. అది రాత్రీ పగలూ గురక పెడుతూ ఉండేది. ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు స్వెట్టరు వేసుకునేదాన్ని, బయటికి రాగానే విప్పి నడుముకి కట్టుకునేదాన్ని. బయట ఎండ మాడు పగలగొడుతుంటే నడుముకి ఉన్ని స్వెట్టరుతో బస్సెక్కే మనిషిని సింగపూర్ అంతా వింతగా చూసేది.

మా ఇంటి ఓనరావిడ మలేషియాలో రబ్బరు తోటల్లో పుట్టిన తెలుగు మనిషి. తాతల నాడు విశాఖ వైపు నుంచి ఓడెక్కిన కుటుంబం. పెళ్ళయ్యాక భర్త ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చింది. ఆయన పోయాక ఒక గది అద్దెకిచ్చి ఒంటరిగా ఉండేది. ఆంధ్రాలో అడుగు పెట్టలేదు. ఆవిడ తెలుగులో తాతగారి ఊరు అలాగే ఉంది, మధ్యలో తమిళం, మలయ్ వచ్చి కూర్చున్నాయి.

"ఏటే గుంటా, మాకాన్ అయ్యిందా?" అంది మొదటి రోజు, తలుపు తీస్తూనే.

మాకాన్ అంటే మలయ్‌లో తిండి, అది అప్పటికే తెలుసు. గుంట ఏమిటి? మా వైపు గుంట అంటే నీళ్ళు నిలిచే గొయ్యి, లేదంటే ఆడపిల్లని విసుక్కునే మాట. పెట్టె ఇంకా గడప దాటలేదు, అప్పుడే తిడుతోందేమిటి ఈవిడ అని మొహం గంటు పెట్టుకున్నాను. వాళ్ళ వైపు గుంట అంటే ఆడపిల్ల అని, ముద్దుగానే అంటారని తెలియడానికి వారం పట్టింది. ఆ వారమంతా ఆవిడ పెట్టిన అన్నం మాత్రం వద్దనకుండా తిన్నాను.

భోజనాల దగ్గరే అడిగింది.

"నువ్వు సదివేది ఏటి?"

"చేపల గురించి ఆంటీ. మంచు నీళ్ళలో బతికే చేపలు."

"మంచు నీల్లా? పొద్దున్న పడే మంచులో సేప ఎలాగ బతుకుతాది?"

ఆవిడ మంచు కూడా గడ్డి మీదిదే, వాళ్ళ నాయనమ్మ వెంట ఓడెక్కి వచ్చిన మంచు. నేను చేతులు ఊపి కొండలు చూపించాను, తెలుపు చూపించాను. లాభం లేకపోయింది. చివరికి అన్నాను కదా, "ఐసు ఉంటుంది కదాంటీ, ఐసు. అలాంటి చోట ఉండే చేపలు."

"ఓ, ఐసు సేపలా," అంది ఆవిడ. అని, నా కంచంలో ఇంకో ముక్క వేసింది.

మా వైపైనా, విశాఖ వైపైనా ఐసు చేప అంటే ఒకటే అర్థం. ఇవాళ పట్టింది కాదు, ఎన్నడో పట్టి ఐసు పెట్టెలో దాచి అమ్మేది. బేరం దగ్గర "ఇది ఐసు చేప" అని మూతి విరిస్తే అమ్మేవాడు కొట్టినంత పని చేస్తాడు. కొల్లేటి గట్టున, లారీలకి చేపలెత్తే ఊళ్ళో పెరిగిన నేనే ఆ మాట నోటితో అనడం చూడండి. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అప్పట్నుంచి ఆంటీ నా మీద జాలి పడటం మొదలుపెట్టింది. "కసియాన్," అనేది నన్ను చూసి. మలయ్‌లో పాపం అని. సాయంత్రం ఇంటికి రాగానే నిమ్మచెక్క చేతికిచ్చి, చేతులు రుద్దుకోమనేది. నిజంగానే నా చేతులు చేప వాసన వేసేవి కాబట్టి నాకు అనుమానం రాలేదు. ఆ ఉగాదికి ఆవిడతో గుడికి వెళితే, పచ్చడి గిన్నె పట్టుకున్న ఒకావిడ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"నువ్వు ఏ మార్కెట్టులోనమ్మా?"

నేను బిక్కమొహం వేశాను. ఇంకొకావిడ మా ఆయన ఆఫీసులో కంప్యూటర్ పని ఏదైనా చూపిస్తాను, ఆ నిలవ సరుకు పని మానెయ్యి, ఆడపిల్లవి అంది. మూడో ఆవిడ నా భుజం తట్టింది. అప్పుడు వెలిగింది నాకు. ఇంట్లో అడుగు పెట్టగానే ఆంటీని దులిపేశాను.

"నేను చేపలు అమ్మను ఆంటీ. చదువుతాను. అవి ఐసు చేపలు కావు. బతికున్న చేపలు."

"మరి నువ్వే కదేటి సెప్పావు ఐసు సేపలని."

ఫోను తీసి వీడియో చూపించాను. తొట్టిలో మా చేపలు రాళ్ళు గోకుతున్నాయి. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. కూర వండే మనిషి చూపు ఎక్కడికి పోతుంది?

"పొలుసు నేదేటి దీనికి?"

"ఉంది, చాలా చిన్నది. ఇంకా పైన, ఉప్పు సరస్సుల్లో ఉండే వీటి చుట్టాలకి పొలుసే దాదాపు పోయింది."

"మంచిదే. సుబ్బరం సెయ్యడం తేలిక. జన ఎలాగుంటాది?"

జన అంటే చేప గుడ్లు. ఈ జాతి జన తింటే ఒంటికి పడదని, విషమని, కొండల్లో వాళ్ళు తీసి పారేస్తారని చెప్పాను. ఆంటీ ఫోను నా చేతికిచ్చేసింది.

"జన తినకపోతే అదేం సేపే," అంది. అంతటితో ఆ చేపల విలువ ఆవిడ దృష్టిలో తేలిపోయింది. పేరు మాత్రం మార్చలేదు. నేను ఎన్నిసార్లు సరిదిద్దినా అవి ఐసు సేపలే, నేను ఐసు సేపల గుంటనే. గుళ్ళో వాళ్ళకి అసలు సంగతి చెప్పిందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ రోజులు తలుచుకుంటే ముందు ఆ వంటగది గుర్తొస్తుంది. సన్నటి ఫ్లాట్ వంటగది. కిటికీ బయట వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు. ఆంటీ స్టూలు మీద కూర్చుని వంజరం ముక్కలకి ఉప్పూ పసుపూ రాస్తుంటే, నేను నేల మీద కూర్చుని కొండ చేపల కథలు చెప్పేదాన్ని. చలికాలం పైన నీళ్ళు గడ్డకట్టే వేళకి అవి కిందికి దిగివస్తాయని, ఎండ ముదరగానే మళ్ళీ పైకి ఎదురీదుతాయని. మా ఊరి చెరువులో పిల్ల ఒక్క ఏడాదిలో కూరకి వచ్చేస్తే, ఆ చలిలో ఇవి ఎదగడానికి ఏళ్ళూ పూళ్ళూ పడతాయని. ఆవిడ "అలాగేటి", "నిజమేటి" అంటూ వినేది. చదువుకున్నవాళ్ళు కూడా నా పరిశోధనని అంత శ్రద్ధగా వినలేదు. వాళ్ళయితే ఈ చదువుకి ఉద్యోగాలున్నాయా అని అడిగేవాళ్ళు.

పొద్దున్న నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి ఒకే మాట అనేది. "సల్లగుండు."

మనవాళ్ళ దీవెనే అది. చల్లగా ఉండు, నీ కడుపు చల్లగా, మీ ఇల్లు చల్లగా. ఎండలో పుట్టిన భాష కాబట్టి మంచిదంతా చల్లగానే ఉంటుంది మనకి. ఎన్నోసార్లు విన్నదే అయినా, బస్సులో కూర్చున్నాక ఒకరోజు నవ్వొచ్చింది. నేను రోజంతా చేసే పని అదే కదా, చేపల్ని చల్లగా ఉంచడం. నా థీసిస్ మొత్తం ఈవిడ ఒక్క మాటలో గుమ్మం దగ్గర చెప్పేసి తలుపేసుకుంటోంది.

ఆవిడకి ఒక కోరిక ఉండేది, ఆ చలిగది చూడాలని. పుట్టింది రబ్బరు తోటలో, బతికింది సింగపూర్‌లో. చలి అంటే ఏమిటో ఒంటికి తెలియదు. మాల్‌లో ఏసీ చలి కాదంట, అది గాలంట. "నీ సలిగది ఒకపాలి సూపించవే," అనేది. ఒకపాలి అంటే ఒకసారి. బయటివాళ్ళకి అనుమతి కావాలని, అడుగుతానని అనేదాన్ని. అలా నెలలు గడిచాయి.

చైనావాళ్ళ కొత్త సంవత్సరం మొదటి రోజు. పొద్దున్న ఫోనులో అలారం మోగింది. చలిగదిలో నీళ్ళ వేడి పెరుగుతోందని. పరిగెత్తాను. గది తలుపు తీయగానే మొదట తెలిసింది నిశ్శబ్దం. ఆ గురక లేదు. మెషీను ఆగిపోయింది. దానికి బదులుగా ఉంచిన చిన్న మెషీను అంతకుముందే మరమ్మతుకి వెళ్ళింది. మరమ్మతు చేసే కంపెనీకి ఫోను చేస్తే పాట వినిపించి, పాట వినిపించి, చివరికి ఒకతను ఎత్తి పండగ కదా, మనిషిని వెతికి పంపుతాను, సాయంత్రం అవుతుందేమో అన్నాడు. సాయంత్రానికి ఆ నీళ్ళు మామూలు కుళాయి నీళ్ళవుతాయి. నా చేపలు ఉడికిపోతాయి.

అవి పోతే మళ్ళీ రావు. నా చదువు సంగతి పక్కన పెట్టండి, అది పోతే పోయింది. రోజూ పొద్దున్నే నేను దీపం వేయగానే ఆ పెద్ద చేప, దాని పై పెదవి మీద ఒక నొక్కు ఉండేది, అద్దం దగ్గరికొచ్చి నిలబడేది. అదిప్పుడు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తోంది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి.

ప్రొఫెసరు అత్తగారి ఊరికి వెళ్ళాడు. ఫోనులో ఐసు సంచులు తొట్లలో వేసి ఎలాగైనా నెట్టుకురా అన్నాడు. ఐసు నేరుగా వేయకూడదు, కుళాయి నీళ్ళలో కలిపే మందు చేపలకి పడదు. సంచుల్లో కట్టి వేయాలి. అంతా బాగానే ఉంది, ఐసు ఏది? మేడ మీది ఐసు మెషీనుని సెలవులకి కట్టేసి వెళ్ళారు. దగ్గర్లో తెరిచి ఉన్న ఒకే ఒక కొట్టులో ఐసు సంచులన్నీ పండగ విందులవాళ్ళు ముందే ఎత్తుకుపోయారు. నేను ఉత్త చేతుల్తో తిరిగొచ్చాను.

భోజనానికి రానని చెప్పడానికే ఆంటీకి ఫోను చేశాను. గొంతు పట్టిచ్చింది.

"ఏడుత్తన్నావేటి?"

"మెషీను ఆగిపోయిందాంటీ. ఐసు దొరకడం లేదు."

"ఏటి, ఐసు సేపలకి ఐసు నేదా?" అంది.

ఆ సమయంలో కూడా నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఐసు చేపలు కావు," అన్నాను పళ్ళు కొరుకుతూ. అప్పటికే ఫోను పెట్టేసింది. ఇలాంటప్పుడు కూడా వేళాకోళమేనా అని తిట్టుకున్నాను.

కాసేపటికి కింద నుంచి సెక్యూరిటీ అంకుల్ పిలిచాడు. దిగి చూస్తే ఆంటీ. జరీ అంచు చీర, పక్కన టాక్సీ డ్రైవరు సాయం పట్టిన పెద్ద ఐసు పెట్టె, రెండు సంచులు. పండగ రోజు వాళ్ళ బ్లాకులో ఇంటింటికీ కమలాపళ్ళు పట్టుకెళ్ళడం అక్కడి ఆచారం. జత ఇస్తే, వాళ్ళు తిరిగి జత ఇవ్వాలి. ఆంటీ ఏటా వెళుతుంది. ఈసారి ప్రతి గుమ్మం దగ్గరా కమలాలు చేతిలో పెట్టి, "నాకు ఆరెంజి వద్దు లా, ఐసు ఇయ్యి," అని సింగపూర్ యాసలో అడిగిందట. పండగ విందులకి అందరి ఇళ్ళలోనూ ఐసు ఉంది. పండగపూట ఎవరు కాదంటారు? సోఫాలో అతిథుల్ని కూర్చోబెట్టి మరీ ట్రేలు వంచి ఇచ్చారట. ప్రొఫెసరు ఫోనులోనే అనుమతి ఇప్పించాడు. అలా ఆంటీ మా చలిగదికి మొదటిసారి వచ్చింది, అది చలిగది కాకుండా పోయిన రోజున.

ఐసు ముక్కల్ని సంచుల్లో పోసి ముడులేశాం. రెండు తొట్లకీ చాలలేదు. అప్పుడు ఆంటీ పెట్టె అడుగు నుంచి తువ్వాలు చుట్టిన మూట తీసింది. రోజా సిరప్పు కలిపిన నీళ్ళని సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో పోసి, చివర ముడేసి, ఫ్రీజర్‌లో గడ్డ కట్టించేది ఆవిడ. మా ఊళ్ళో బడి ముందు సైకిలు మీద అమ్మే ఐసు ప్యాకెట్లలాంటివే. పండగకి వచ్చే బ్లాకు పిల్లల కోసం చేసి పెట్టుకున్నవి. కట్టలు కట్టలుగా ఉన్నాయి, కొన్ని ఎర్రవి, కొన్ని పచ్చవి.

"వద్దాంటీ, ఒక్కటి పగిలిందంటే నీళ్ళన్నీ చక్కెర పాకమవుతాయి."

"నా ముడి ఎప్పుడన్నా ఊడిందేటి? ఎయ్యి," అంది.

వేశాను. ఎక్కడో కొండల మీద తెల్లటి ఏటిలో పుట్టిన చేపలు, క్లెమెంటీలో ఎరుపూ పచ్చా గొట్టాల మధ్య ఈదాయి. కరిగినవి తీసి తుడవడం, గడ్డగా ఉన్నవి వేయడం. ఆంటీ కొంగు దోపుకుని పెద్ద తొట్టి దగ్గర, నేను మీసాల చేపల దగ్గర. మధ్యాహ్నానికి ముందు ఒక చిన్న చేప పక్కకి ఒరిగింది. నేను చేతిలోకి తీసుకున్నాను. ఎంత పట్టుకున్నా నిలబడలేదు. ఆంటీ దాని వంక చూసి, ఇంకో గొట్టం తొట్టిలోకి దించింది. ఆవిడ చేతివేళ్ళు తడిసి తెల్లబడి ముడతలు పడ్డాయి.

ఐసు అయిపోవచ్చే వేళకి మెకానిక్ వచ్చాడు, పండగకి కొన్న కొత్త ఎర్ర చొక్కాతోనే. గురక మళ్ళీ మొదలైంది. నీటి పైన నోరు తెరిచిన పెద్ద చేప మెల్లగా అడుగుకి దిగి, రాయి పక్కన ఆగింది. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. ఆంటీ తొట్టి మీదికి వంగి, అద్దం మీద చెయ్యి పెట్టి, "సల్లగుండండి," అంది చేపలతో.

కరిగిన గొట్టాలన్నీ ఏరి ఇంటికి పట్టుకెళ్ళింది. కడిగి, మళ్ళీ గడ్డ కట్టించి, పిల్లలకి పంచింది. నాకూ ఒకటిచ్చింది, తిన్నాను. చేప వాసన రాలేదు.

ఆ తర్వాత ప్రొఫెసరే పిలిపించాడు ఆవిడని, గది సరైన చలిలో ఉండగా. నా స్వెట్టరు వేసుకుని వచ్చింది. చేతులు కట్టుకుని కాసేపు నిలబడింది, ముక్కు ఎర్రబడింది. "ఇదేనేటి సలి," అంది. నీళ్ళలో చెయ్యి పెట్టొచ్చా అని అడిగింది. పెట్టింది. పెదవి మీద నొక్కున్న చేప వచ్చి, ఆవిడ వేలిని కాసేపు గోకింది.

"నా సెయ్యి రాయనుకుంది," అని నవ్వింది ఆంటీ. చెయ్యి మొద్దుబారే దాకా తీయలేదు.

చదువు అయింది. చేపల్ని చల్లటి దేశంలో ఇంకో ల్యాబుకి పంపేశారు. ఆ సంగతి ఆంటీకి చెప్పాను, ఒకసారి కాదు, చాలాసార్లు. "ఊ," అనేది. కొండ చేపలు చదివినవాళ్ళకి ఉద్యోగాలు కొండ మీద కూడా లేవు. లెక్కలు వచ్చు కాబట్టి చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు పనిలో చేరాను. పెళ్ళి, పాప, సెంగ్‌కాంగ్‌లో ఫ్లాట్. ఇక్కణ్ణుంచి క్లెమెంటీ అంటే ద్వీపానికి ఈ చివర, ఆ చివర. పండగలకి వెళ్ళేవాళ్ళం. మా పాపకి కూడా ఆవిడ ఎర్ర గొట్టం ఇచ్చేది. "సల్లగుండు" అంటే పాప, "ఏసీ ఉంది లా, ఆంటీ," అనేది. ఆంటీకి అది మహా ఇష్టం, మళ్ళీ మళ్ళీ అనిపించుకునేది.

ఈ ఏడాది వానల్లో ఆంటీ పోయింది. నిద్రలోనే, ఎవరినీ కష్టపెట్టకుండా. అంత్యక్రియల్లో చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నేను వెంటనే వదిలేశాను. ఆ చల్లదనం నాకు అక్కర్లేదు.

కొన్నాళ్ళకి ఆవిడ అక్క కూతురు, మలేషియాలోని ఈపో నుంచి వచ్చి ఫ్లాట్ ఖాళీ చేస్తున్నావిడ, ఫోను చేసింది. గుర్తుకి ఏదైనా కావాలంటే వచ్చి తీసుకోమంది. పాపని తీసుకుని వెళ్ళాను. అట్టపెట్టెలు, దుమ్ము, వంటగదిలో ఆ స్టూలు. నేను స్టూలు అడుగుదామనుకుంటున్నాను. ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసింది.

"నువ్వేనేటి, ఐసు సేపల గుంట?"

ఐసు చేపలు కావండీ, మంచు నీళ్ళలో, అనబోయాను.

"అవును, నేనే," అన్నాను.

"అయితే ఇయి నీయే," అని ఫ్రీజర్ తలుపు తీసింది. పై అర ఖాళీ చేసేశారు. కింది అర నిండా గొట్టాలు, వరసగా పేర్చినవి, ఎర్రవి, పచ్చవి, ఒక్కోదానికి ఆ ముడి. "పిల్లల్ని పై అరలోవే తిననిచ్చేది పిన్ని. ఈ అర ముట్టుకోనిచ్చేది కాదు. గుంట ఫోను సేత్తే ఇయ్యాలంట."

"చేపలు ఎప్పుడో వెళ్ళిపోయాయి," అన్నాను. "ఆవిడకి తెలుసు. నేను చెప్పాను."

"నానూ అడిగాను. ఆల మెసీను మల్లీ ఆగదని ఏటి నమ్మకం అంది."

నేను ఫ్రీజర్ ముందు నేల మీద కూర్చుండిపోయాను. నేను కథలు చెప్పిన చోటే. ఏళ్ళ తరబడి ఆవిడ అరలో ఐసు నింపుకుని నా ఫోను కోసం చూసింది. నేనేమో పండగలకి వెళ్ళొచ్చి, మిగతా రోజుల్లో ముక్తసరిగా ఒక మెసేజి పెట్టి ఊరుకున్నాను. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. పాప వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "మా, వాట్ ఈజ్ గుంట?" అని అడిగింది.

"నేను," అన్నాను.

ఐసు పెట్టె అరువు తెచ్చుకుని అన్నీ సర్దుకున్నాం. రైల్లో పాప ఒకటి తింటానని గొడవ చేసింది. ఇక్కడి రైల్లో తింటే జరిమానా, ఇంటికెళ్ళాక ఒక్కటే అన్నాను. ఇంటికొచ్చాక ముడి విప్పడం చేతకాక కత్తెరతో కత్తిరించాను. మిగతావి మా ఫ్రీజర్‌లో కింది అరలో పెట్టాను. పాపకి ఆ అర ముట్టుకోవద్దని చెప్పాను. ఎందుకని అడిగితే, వాళ్ళ మెషీను మళ్ళీ ఆగదని నమ్మకమేమిటి అన్నాను.